జానెడు దిగితే చాలు

ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో నా పని ఒక్క ముక్కలో చెప్పాలంటే వాననీళ్లను తరిమేయడం. పురపాలక ఇంజినీరుగా మోరీలు కట్టించాను, మట్టి వీధులన్నిటికీ సిమెంటు పోయించాను. వాన వెలిసిన అరగంటకల్లా రోడ్డు మీద చుక్క నిలవకపోతే ఆ రోజు మంచి పేరు. ఆ నీళ్లు ఎటు పోయాయని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

రిటైరయ్యాక హైదరాబాద్ తూర్పు శివారులో ఓ పాత చెరువు కింద ఇల్లు కొనుక్కున్నాను. ఎటు పోయాయో అప్పుడు తెలిసింది. ఏడాది మొత్తానికి 800 మిల్లీమీటర్లు కురిసే ఊళ్లో 2020 అక్టోబరు 13న కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 300 దాటింది. ఎగువ కాలనీల్లో నాలాంటివాళ్లు నున్నగా సాగనంపిన నీళ్లు మా హాల్లో మోకాటి లోతున నిలిచాయి. మరుసటి ఎండాకాలం అదే ఇంటి బోరు గాలి కక్కింది. ట్యాంకరు తెప్పించుకున్నాం.

మా మెయిన్ రోడ్డు డివైడర్‌నే చూడండి. రోడ్డుకు జానెడు ఎత్తున అంచురాళ్లు, వాటి మధ్య కుప్పగా పోసిన ఎర్రమట్టి, అందులో గన్నేరు, నూరువరహాలు. వానొస్తే ఆ మట్టి కూడా కరిగి రోడ్డెక్కుతుంది. ఏప్రిల్లో తెల్లవారుజామునే ట్యాంకరొచ్చి పైపుతో ఆ మొక్కల్ని తడుపుతుంది. జూలైలో పక్కనుంచే పోయిన నీళ్లకు ఏప్రిల్లో డీజిలు ఖర్చన్నమాట. మట్టిని రోడ్డుకంటే జానెడు కిందికి దించి, అక్కడక్కడా ఓ అంచురాయి తీసేస్తే రోడ్డే ఆ మొక్కలకు కాలువ అవుతుంది. అయితే మన రోడ్ల వాలు సాధారణంగా ఫుట్‌పాత్ వైపు ఉంటుంది కాబట్టి, ఉన్న రోడ్లకు ఈ పని పక్కనున్న చెట్ల పట్టీలో చేయాలి. కొత్తగా వేసేటప్పుడైతే వాలునే డివైడర్ వైపు తిప్పుకోవచ్చు. నీళ్లు రోడ్డు కిందికి దిగితే రోడ్డు కుంగుతుందన్నది మా ఇంజినీర్ల పాత భయం. భయం నిజమే. రోడ్డు వైపు గోడకు బంకమట్టో, మందపాటి ప్లాస్టిక్ షీటో అడ్డుపెడితే సరిపోయేదానికి మేం ముప్పై ఏళ్లు భయపడుతూనే గడిపాం.

అమెరికాలో టూసాన్ అని ఓ ఎడారి నగరం ఉంది. మనకు పడే వానలో సగం కూడా అక్కడ పడదు. బ్రాడ్ లాంకాస్టర్ అనే ఆయన 1990ల్లో తన ఇంటి ముందు అంచురాళ్లను అనుమతి లేకుండానే కోసి, వీధి నీళ్లను చెట్ల గుంతల్లోకి మళ్లించాడు. తర్వాత నగరమే ఆ పద్ధతికి అనుమతి ఇచ్చింది.

అంతదూరం వెళ్లాల్సిన పనేం లేదు. పైచెరువు నిండితే మత్తడి దూకి కిందిచెరువుకు, అక్కణ్నుంచి ఇంకో చెరువుకు నీళ్లందే గొలుసుకట్టు మన నేలదే. 1908 సెప్టెంబరులో మూసీ వేలమందిని మింగాక నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజినీరు విశ్వేశ్వరయ్య, నీళ్లను ఎగువనే ఆపమన్నారు. ఆ ఆలోచనలోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఇక ఇంకుడు గుంతల సంగతి. నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చాక ఇంటి ప్లాన్లలో ఇంకుడు గుంత మామూలైంది. నా ఇంటికీ ఉంది. ఓ రోజు మేస్త్రిని పిలిచి మూత తీయించాను. ఇసుక ఉండాల్సిన చోట బూడిదరంగు పెచ్చు. గడ్డపారతో పొడిస్తే అప్పడంలా విరిగింది. నాలుగు వేళ్ల మందాన ఎండిన ఒండ్రు. దాని కింద కంకర నిన్న పోసినంత శుభ్రంగా, పొడిగా ఉంది. పైగా డాబా మీంచి దిగే పైపును ఎవరో రెండడుగుల అవతల మోరీలోకి తిప్పేశారు. మేస్త్రి నవ్వాడు. "గుంత ఉన్నది సారూ, నీళ్లకే దారి చూపియ్యలే."

లెక్క చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 4,600 లీటర్లు. మా వీధికొచ్చే ట్యాంకరు 5,000 లీటర్లది. అయిదడుగుల పొడవు, అంతే వెడల్పు, ఆరడుగుల లోతు గుంతలో కంకర నింపాక సందుల్లో పట్టేది 1,700 లీటర్లు. మిగతాది నేల తాగాలి. మా దగ్గర పైన ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద రాయి. మొరం తగిలేదాకా తవ్వాలి. పైమట్టిలోనే ఆపేస్తే అది గుంత కాదు, తొట్టి. ఇంకో మాట, రోడ్డు నీళ్లను బోర్లోకి నేరుగా వదలొద్దు. బండ్ల నూనె, పెంట అన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. వాటిని ముందు గడ్డి, మట్టి వడకట్టాలి.

మొన్న జూన్‌లో పెద్దవాన పడుతుంటే గొడుగేసుకుని, జేబుల్లో ఇటుక ముక్కలు పోసుకుని వీధిలోకి వెళ్లాను. నీళ్లు మలుపు తిరిగిన ప్రతిచోటా ఓ ముక్క పెట్టుకుంటూ నడిచాను. గేటు దగ్గర్నుంచి మా ఆవిడ అరిచింది: "ఇంకా డ్యూటీ దిగలేదా?" ముప్పై ఏళ్లలో వాన పడుతుండగా సైటు మీదికి వెళ్లడం నాకదే మొదటిసారి. ముక్కలన్నీ పార్కు ప్రహరీ వెంట వరుస కట్టాయి. లోపల అంతా మట్టే, కానీ గోడ దాటే సందు లేదు.

కాలనీ వాళ్లను ఒప్పించి గోడ అడుగున మూడుచోట్ల ఇటుకలు తీయించాం. లోపల ఓ పట్టీ జానెడు లోతు చేశాం. దోమలొస్తాయని గొడవైంది. దోమ గుడ్డు పగిలి రెక్కలొచ్చేసరికి వారం దాకా పడుతుంది. మా పట్టీలో నీళ్లు మర్నాడు సాయంత్రానికే ఇంకిపోయాయి. గొడవ సద్దుమణిగింది.

మీ ఇంట్లో ఇంకుడు గుంత ఉంటే మృగశిర కార్తె లోపు మూత తీసి చూడండి. ఇసుక తీసి కడిగించండి. డాబా పైపు అందులోకే దిగుతోందో లేదో ఓ బకెట్ నీళ్లు పైనుంచి పోసి కళ్లారా చూసుకోండి.