ఇంటి షెడ్డులో టన్ను బరువు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలాచోట్ల సేద్యానికి బోర్లే ఆధారం. అందుకే మోటార్లు బాగుచేసే షెడ్లూ ఊరూరా కనిపిస్తాయి. చాలావరకు ఇంటి పక్కనే రేకులు కప్పి వేసుకున్నవి. బరువులెత్తడానికి అక్కడుండే సరంజామా కొంచెమే: ఇనుప పైపుల మూడుకాళ్ల స్టాండు, చైన్ బ్లాకు, ఒక తాడో గొలుసో. పొద్దున పొలంలో బోరు పైపులు లాగిన స్టాండే సాయంత్రం షెడ్డులో డీజిల్ ఇంజనునో లేత్ మిషన్‌నో లేపుతుంది.

ఎత్తే ముందు బరువెంతో తెలియాలి. కంటి అంచనా పనికిరాదు. ఘనపుటడుగు పోత ఇనుము 200 కిలోలు దాటుతుంది. గ్రానైటు సుమారు 75 కిలోలు. బోరు దగ్గర లెక్క మరీ మోసం చేస్తుంది. రెండంగుళాల జీఐ పైపు మీటరుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. పంపు మీది వాల్వు నీటిని కిందికి పోనివ్వదు కనుక ఆ పైపులో మీటరుకు మరో 2 లీటర్లు నిలిచి ఉంటాయి. నీరు అడుగంటిన బోరులో 200 మీటర్ల లోతునుంచి లాగాలంటే, మోటారును పక్కనపెట్టినా 1,400 కిలోలు! టన్ను బ్లాకు దానికి చాలదు.

చైన్ బ్లాకు లోపలి పళ్లచక్రాలు చేతి బలాన్ని పెంచుతాయి. బదులుగా, బరువు అడుగు లేవాలంటే గొలుసును పదుల అడుగులు లాగాలి. లాగేటప్పుడు టిక్కుటిక్కుమనేది బ్రేకుకున్న రాట్చెట్. గొలుసు వదిలేసినా బరువు జారకుండా ఆపేది ఆ బ్రేకే. దాని బిళ్లలకు నూనె తగలనివ్వకూడదు. ఒక్కడు లాగలేక ఇంకొకడు చెయ్యి వేశాడంటే బ్లాకు తాహతు మించిందనే లెక్క.

ఎక్కువ అజాగ్రత్త బ్లాకును తగిలించే చోటే. షెడ్డు పైపులు రేకులనూ గాలినీ ఓర్చుకోవడానికి వేసినవి. పాతింటి దూలం లోపల చెదలు తిన్నదో లేదో బయటికి కనపడదు. స్టాండే మేలు. అయితే నున్నటి గచ్చు మీద దాని కాళ్లు బయటికి జారతాయి, కాబట్టి మూడింటినీ అడుగున గొలుసుతో కలిపి కట్టాలి. బరువు నడిమధ్యనుంచి నిలువునా లేవాలి. పక్కకు లాగితే స్టాండు ఒరుగుతుంది.

తాడును రెండు కొసలుగా కట్టినప్పుడు కోణం ముఖ్యం. కొసల మధ్య 60 డిగ్రీలుంటే ఒక్కో కొస మీద బరువులో 58 శాతం పడుతుంది. 120 డిగ్రీలకు విప్పారితే ప్రతి కొసా మొత్తం బరువంత లాగుడు భరించాలి. షెడ్డు ఎత్తు చాలలేదని తాడు పొట్టిగా కట్టేవాళ్లు తెలియక చేసేది ఇదే.

లేత్ మిషన్‌కు హెడ్‌స్టాక్ వైపు బరువెక్కువ. బెడ్డు మధ్యలో తాడేస్తే ఆ వైపు వాలిపోతుంది. శాడిల్‌నూ టెయిల్‌స్టాక్‌నూ అవతలి కొసకు జరిపి తూకం సరిచేసుకోవాలి. లీడ్ స్క్రూకు తాడు ఒరుసుకోకూడదు. ముందు నాలుగు వేళ్ల ఎత్తు లేపి, ఆగి చూడాలి. వేలాడే బరువు కింద చెయ్యి పెట్టవద్దు. పనేదైనా చెక్క దిమ్మెల మీదికి దించాకే.

ఎత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్లను ఏడాదికోసారైనా అర్హుడైన నిపుణుడు పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లో పెట్టింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే ఇంటి షెడ్డు ఆ చట్టం పరిధిలోకి రాలేదు. కాబట్టి సాగిన గొలుసు లింకునూ, నోరు తెరుచుకున్న కొక్కేన్నీ పట్టుకుని పక్కన పారేయాల్సింది షెడ్డు యజమానే.