గుండ్రాకు పామ్: గుర్తుపట్టడం, పెంచడం

తాటాకును పోలిన ఆకులుంటే చాలు, నర్సరీల్లో చాలాచోట్ల ఆ మొక్కను 'ఫ్యాన్ పామ్' అనే అమ్ముతారు. కుండీలో అడుగెత్తున ఉన్నప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏళ్ళు గడిచాక తేడా బయటపడుతుంది. ఒకటి గుమ్మం పక్కన ఒద్దికగా ఉండిపోతుంది, ఇంకొకటి డాబాను దాటి పోతుంది. అందుకే డబ్బులిచ్చే ముందే అది ఏ జాతో తేల్చుకోవాలి.

పామ్ జాతుల్లో ఆకులు ముఖ్యంగా రెండు తీర్లు. కొబ్బరి, ఈత, పోక చెట్లకు పొడవాటి మట్టకు రెండు వైపులా ఆకులు బారులు తీరి ఉంటాయి. తాటి, శ్రీతాళం ఆకుల్లో ఈనెలన్నీ కాడ చివరి నుంచే చుట్టూ విచ్చుకుంటాయి. ఈ రెండో తీరులో ఇంటి తోటకు సరిపడే పొట్టి మొక్కల్లో చూడముచ్చటైనది లికువాలా గ్రాండిస్, అంటే మన గుండ్రాకు పామ్. దీని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు, సోలమన్ దీవులు. అక్కడి వానల అడవుల్లో పెద్ద చెట్ల కింద, నీడలో, తేమలో పెరుగుతుంది. పెంపకంలో పాటించాల్సినవన్నీ ఈ సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఆకు చూడండి. ముదిరిన మొక్క ఆకు దాదాపు గుండ్రంగా, మూడడుగుల వెడల్పు దాకా ఉంటుంది. కాగితం విసనకర్రలా మడతలు మడతలుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అంచున చిన్న గాట్లే తప్ప ఆకు లోపలికి చీలదు. అసలు గుర్తు ఇదే. కాడ కింది భాగాన్ని వేలితో జాగ్రత్తగా తడిమితే ముళ్ళు తగులుతాయి. కాండం ఒక్కటే, పక్కన పిలకలు రావు. ఎత్తు సాధారణంగా పది అడుగుల లోపే. ముదిరాక వేలాడే గెలలకు బఠాణీ గింజంత ఎర్రటి పండ్లు కాస్తాయి.

పోలికతో మోసపుచ్చే మొక్కలు కొన్ని ఉన్నాయి. ఆకు మొదలుదాకా చీలి వేళ్ళలా విడిపోయి, కాడకు ముళ్ళు లేకుండా, గోధుమరంగు పీచు చుట్టిన సన్నటి కాండాలు గుబురుగా ఉంటే అది రాఫిస్. గుబురుగానే ఉండి, కాడకు ముళ్ళుండి, ఆకు మొదలుదాకా చీలి ముక్కలుగా విడిపోతే లికువాలా స్పినోసా. ఈ రెండూ ఇంటి తోటకు పనికొచ్చేవే. జాగ్రత్త పడాల్సింది లివిస్టోనా అనే పామ్‌లతో. వాటిలో రొటుండిఫోలియా లేత ఆకు కూడా గుండ్రంగానే ఉంటుంది కానీ, అంచు లోతుగా చీలి కొనలు మొనదేలి ఉంటాయి. చైనెన్సిస్ ఆకు కొనలు చీలి కిందికి వేలాడతాయి. ఈ రెండూ పెద్ద చెట్లయ్యే రకాలు, గోడ పక్కన నాటితే తర్వాత ఇబ్బందే.

చోటు ఎంపిక దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. తూర్పు వరండా, మామిడి లేదా సపోటా చెట్టు నీడ దీనికి బాగుంటాయి. పొద్దుటి లేత ఎండ పరవాలేదు. మధ్యాహ్నపు ఎండకు ఆకు మాడుతుంది, వడగాలికి అంచులు ఎండి చిరుగుతాయి. కోస్తా తేమ దీనికి నచ్చుతుంది. తెలంగాణ, రాయలసీమల్లో వేసవిలో షేడ్‌నెట్ తప్పనిసరి. కుండీని ఇతర మొక్కల మధ్య ఉంచి చుట్టూ నేల తడుపుతుంటే కొంత ఊరట.

నల్లరేగడి ఒక్కటే వాడితే నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి కుండీ నింపండి. అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూడండి. పైమట్టి కాస్త ఆరగానే నీళ్ళు పోయాలి. పళ్ళెంలో నీరు నిలవనివ్వకూడదు. ఉప్పు ఎక్కువగా ఉన్న బోరునీళ్ళకు ఆకు కొనలు ఎండుతాయి కాబట్టి వాననీరు పట్టి వాడటం మేలు. కుండీ మార్చాలంటే తొలకరి తర్వాత, వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డ చెదరకుండా మార్చండి.

ముదురాకు పసుపెక్కగానే కోసేయకండి. పొటాష్ కొరవడినప్పుడు మొక్క పాత ఆకుల్లోని దాన్నే కొత్త ఆకులకు తరలిస్తుంది. పసుపుగా ఉన్నప్పుడే తీసేస్తే లోటు పై ఆకులకు పాకుతుంది. పూర్తిగా ఎండాకే తీయాలి. ఆకు అడుగున పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె కలిపిన సబ్బునీళ్ళు చల్లండి. అన్నిటికంటే మొవ్వు ముఖ్యం. ఒంటి కాండపు పామ్‌కు పెరిగే చోటు అదొక్కటే, అది కుళ్ళితే మొక్క పోయినట్టే. నీళ్ళు మొవ్వులో కాకుండా మొదట్లో పోయండి.

విత్తనంతో పెంచాలంటే తాజా పండు గుజ్జు తీసి నాటాలి. మొలకకే నెలలు పడుతుంది, ఎదుగుదలా నిదానమే. ఓపిక లేనివారు కాస్త ఎదిగిన మొక్కనే కొనడం మంచిది. ఎండ తప్ప నీడ దొరకని ఇల్లయితే మాత్రం దీని జోలికి పోకండి. ఎంత ఖర్చు పెట్టినా ఆ చోట ఇది బాగుపడదు.