గడప బయటి గిటారుకు గుడిలో చోటు

డ్రమ్ములు, కరెంటు గిటార్లు పట్టుకొని దేవుని పాటలు పాడతామంటే అమెరికాలో చాలామంది చర్చి పెద్దలు ఒప్పుకోని కాలమది. 1972లో ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్ పట్టణంలో, క్రైస్తవ శిక్షణ పొందుతున్న నలుగురు యువకులు ఒక పాటల బృందం కట్టారు. వారిలో ముఖ్యుడు బాబ్ హార్ట్‌మన్. గిటారు ఆయనదే, పాటల్లో చాలా భాగమూ ఆయన రాసినవే. బృందానికి పెట్టుకున్న పేరు పెట్రా. గ్రీకు భాషలో ఆ మాటకు బండరాయి అని అర్థం. ఇంగ్లీషులో బండను రాక్ అంటారు, వాళ్ళు వాయించే హోరు సంగీతానికీ రాక్ అనే పేరు. ఒకే మాటలో రెండూ కుదిరాయి.

పేరు కుదిరింది గాని బతుకుతెరువు కుదరలేదు. మొదటి రికార్డు 1974లో వచ్చింది. ఆ దేశంలో భక్తి రికార్డులు అమ్మేవి క్రైస్తవ పుస్తకాల దుకాణాలే. అక్కడ జుట్టు పెంచిన ఈ కుర్రవాళ్ళ రికార్డు పెట్టుకోవడానికి జంకేవారు. మామూలు రేడియో వాళ్ళకేమో ఇందులో దేవుడు ఎక్కువయ్యాడు. రెంటికీ చెడ్డ రేవడి కావలసిందే గాని వాళ్ళు వదల్లేదు. ఊరూరా తిరిగి కచేరీలు చేశారు. పాట సాహిత్యం పక్కన బైబిలు అధ్యాయం, వచనం అంకెలు అచ్చువేసి ఇచ్చారు, నమ్మనివారు సరిచూసుకోవచ్చునని.

1980 తర్వాత మరో గొడవ వచ్చిపడింది. రాక్ రికార్డులను వెనక్కి తిప్పితే సైతాను మాటలు వినపడతాయని అక్కడ గట్టి పుకారు పుట్టింది. రికార్డును చేత్తో వెనక్కి తిప్పి చెవి ఒగ్గి వినేవాళ్ళు తయారయ్యారు. పెట్రా వాళ్ళు 1982లో విడుదల చేసిన ‘మోర్ పవర్ టు యా’ రికార్డులో ఒక పాటకు ముందు కావాలనే తిరగేసిన మాటలు పెట్టారు. వెనక్కి తిప్పి విన్నవారికి వినిపించింది మందలింపు: దేవుణ్ణి వెతకవలసినవారు సైతానును వెతుకుతున్నారేమిటని! ఇంతకన్నా చక్కటి జవాబు ఉంటుందనుకోను.

అయినా నిందలు ఆగలేదు. టెలివిజన్‌లో కోట్లమందికి ప్రసంగించిన జిమ్మీ స్వాగర్ట్ 1987లో క్రైస్తవ రాక్ సంగీతం గొర్రెతోలు కప్పుకున్న తోడేలు అంటూ ఒక పుస్తకమే వేశారు. రాక్ సంగీతపు తొలితరం పియానో ఘనుడు జెర్రీ లీ లూయిస్ ఆయనకు దగ్గరి చుట్టం కావడం విశేషం. ఇద్దరూ లూసియానాలో ఒకే ఊళ్ళో పెరిగి పియానో నేర్చినవారే.

ఆ విమర్శల్లో రెండు మాటలున్నాయి. ఈ దరువు తాగుడు ఇళ్ళ నుంచి, నాట్యశాలల నుంచి వచ్చింది, గుడికి తగదు అనేది ఒకటి. వేదికమీద నలుగురు గొప్పగా వాయిస్తుంటే జనం చూసి చప్పట్లు కొడతారే గాని తాము పాడరు, అది ఆరాధన ఎట్లవుతుంది అనేది రెండోది. మొదటి మాటకు అంతులేదు, ఎవరి చెవి వారిది. రెండోది మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. 1989లో పెట్రా విడుదల చేసిన ఆరాధన పాటల ఆల్బమ్ జవాబు చెప్పింది ఈ రెండో మాటకే.

ఆల్బమ్ పేరు ‘పెట్రా ప్రెయిజ్: ది రాక్ క్రైస్ అవుట్’, అంటే బండ కేక వేస్తోందని. శిష్యుల నోరు మూయించమని పరిసయ్యులు అడిగినప్పుడు, వీరు ఊరకుంటే రాళ్ళే అరుస్తాయని ఏసు చెప్పిన సందర్భం లూకా సువార్త 19వ అధ్యాయంలో ఉంది. పేరు అక్కడినుంచి తీసుకున్నదే.

అప్పటికి పాడుతున్నది జాన్ ష్లిట్. ఆయన కథ వేరు. హెడ్ ఈస్ట్ అనే మామూలు రాక్ బృందంలో పాడి పేరు తెచ్చుకొని, మత్తుమందులకు, తాగుడుకు బానిసై 1980లో ఆ బృందం నుంచి బయటపడ్డాడు. తర్వాత దేవుని వైపు తిరిగి, పాటే మానేసి, గనుల్లో ఇంజనీరు ఉద్యోగం చేసుకున్నాడు. 1986లో హార్ట్‌మన్ పిలుపుమీద పెట్రాలో చేరాడు. ఆ గొంతు పై స్థాయికి సునాయాసంగా వెళుతుంది. అలాంటి గొంతు వెంట మామూలు జనం పాడలేరు. అందుకే ఆరాధన ఆల్బమ్‌కు వేరే కొలత కావలసివచ్చింది.

కొత్తవి కొన్ని కట్టుకున్నా, చర్చిలలో జనం అప్పటికే పాడుకుంటున్న పాటలను కూడా ఎంచుకున్నారు. జేమీ ఓవెన్స్ కాలిన్స్ అనే ఆమె రాసిన ‘ది బ్యాటిల్ బిలాంగ్స్ టు ది లార్డ్’ అలాంటిదే. గొల్యాతు ఎదుట దావీదు చూపిన ధీమా అందులోని భావం. ‘కింగ్ ఆఫ్ కింగ్స్’ పాటది హెబ్రీ జానపద వరుస. 18వ కీర్తన ఆధారంగా కట్టిన ‘ఐ విల్ కాల్ అపాన్ ది లార్డ్’లో ఒకరు చరణం అందిస్తే మిగతావారు తిరిగి పలుకుతారు. నాట్లు వేసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే వరసలోని ఆడవాళ్ళంతా వంత పలికినట్లే. చదువురాని వారికి కూడా రెండుసార్లు వింటే వచ్చేస్తుంది.

వాద్యం ఎక్కడినుంచి వచ్చిందన్న పేచీ తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తిప్పితే పాట నెత్తిన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి గారు క్రీస్తును కర్ణాటక రాగాల్లోనే కీర్తించారు. అదే పుస్తకంలో తెల్లదొరల వరుసలకు తెలుగు మాటలు కూర్చినవీ ఉన్నాయి. ఆ రాగాలు గాని, ఆ వరుసలు గాని అన్నీ చర్చిలో పుట్టినవి కావు.

కాగా, పెట్రా 1997లో రెండో ఆరాధన ఆల్బమ్ తెచ్చింది. 2000లో జార్జియా రాష్ట్రానికి చెందిన థర్డ్ డే బృందం, 2003లో న్యూస్‌బాయ్స్ బృందం అదే దారి పట్టాయి. తర్వాత తర్వాత ప్రతి బృందమూ ఒక ఆరాధన ఆల్బమ్ వేయడం ఆనవాయితీ అయింది. వాటిలో కొన్ని అమ్మకం కోసం వేసినవేనన్న గొణుగుడు అక్కడా ఉంది, అందులో కొంత నిజమూ ఉంది.

పెట్రా 2005 డిసెంబరు 31న ఉత్తర కరోలినాలోని మర్ఫీ పట్టణంలో వీడ్కోలు కచేరీ చేసింది. ఆ తర్వాతా పాతవారు అప్పుడప్పుడు కలిసి వేదిక ఎక్కారు. 1989 నాటి ఆల్బమ్‌లో విననిది వినాలనుకునేవారు ముందు ‘ఐ విల్ కాల్ అపాన్ ది లార్డ్’ వినవచ్చు. భాష తెలియకపోయినా వంత ఎక్కడ అందుకోవాలో తెలుస్తుంది.