కొండ కడుపులో నీటి ఒత్తిడి

వాన వెలిసిన మర్నాడో, మూడోనాడో కొండచరియ విరిగిపడిందని వింటూ ఉంటాము. వాన ఆగాక పడడమేమిటి? తడిసి బరువెక్కిందంటారు చాలామంది. బరువు సంగతి స్వల్పం. అసలు పని ఒత్తిడిది.

రాతిలో పొరలు, నెర్రెలు ఉంటాయి. పైరాయి తన బరువుతో క్రిందిరాతిని అదుముకొని, ఆ పట్టుతోనే వాలులో నిలుస్తుంది. నెర్రెల్లో చేరిన నీటికి బయటికి దారి లేకపోతే మట్టం పెరుగుతుంది. పది మీటర్ల నీరు నిలిస్తే, అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. అది పైరాతి బరువును కొంత తానే మోస్తుంది. ఆ మేరకు పట్టు సడలుతుంది. బోరులో నీరు పడిన లోతుకన్న పైకి ఎగదన్ని నిలవడం మీరు చూసే ఉంటారు. అదీ ఇదే.

ఈ ఒత్తిడిని కొలిచే సాధనం పీజోమీటరు. కొండలో బోరు వేసి, అనుమానమున్న పొర దగ్గర మాత్రమే చిల్లులున్న గొట్టం దించి, ఆ పొరకు పైన బంకమట్టితో బిగిస్తారు. గొట్టంలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో టేపుతో చూస్తారు. ఆ బిగింపే ప్రాణం.

ఇటలీలో వయాంట్ లోయ సంగతి వినండి. 262 మీటర్ల ఆనకట్ట కట్టారు. 1960లోనే జలాశయం పక్క కొండ కదలసాగింది. 1961లో గొట్టాలు దించారు గాని, వాటికి పొడుగునా చిల్లులే. అన్ని పొరల నీరూ కలిసిన మట్టమే కనబడింది. అడుగుపొర ఒత్తిడి విడిగా తెలియలేదు. 1963 అక్టోబరు 9 రాత్రి సుమారు 27 కోట్ల ఘనపు మీటర్ల రాయి జలాశయంలోకి జారింది. అల ఆనకట్ట మీదుగా దూకి లాంగరోనె పట్టణాన్ని తుడిచిపెట్టింది. సుమారు 2,000 మంది పోయారు. ఆనకట్ట మాత్రం చెక్కుచెదరలేదు! జారిన తలం వెంట నీటిని అడ్డగించే సన్నని బంకమట్టి పొరలున్నాయని 1985లో హెండ్రన్, పాటన్ అనే శాస్త్రజ్ఞులు చూపారు.

కొండవార పొలాలున్నవారు చరియ పైఅంచున కాలువ తీసి వాననీటిని పక్కకు మళ్లించండి. చరియ అడుగున ఊటను మట్టితో పూడ్చవద్దు. కొత్త ఊట పుట్టినా, పాత ఊట బురదగా వచ్చినా, హఠాత్తుగా ఆగినా, పైన నేల బీటవేసినా అక్కడ ఉండక తహసీలుదారుకు కబురు చేయండి.

చరియకు నీరుతీసే రంధ్రాలు వేసిన చోట విస్తరణ మిత్రులకు ఒక మాట. రంధ్రంలో ధార సన్నగిల్లితే గొట్టంలో మట్టం కూడా చూడండి. అదీ తగ్గితే సరే. మట్టం పెరుగుతూ ఉంటే రంధ్రం పూడిందన్నమాట. వెంటనే ఇంజనీరుకు చెప్పి కడిగించాలి.