కస్టమ్స్‌కి దొరకని సామాను

ఏడాది చివర సింగపూర్ బళ్ళకి సెలవులివ్వగానే బిషాన్‌లోని మన తెలుగు కుటుంబాల్లో చాలామంది హైదరాబాదుకో, విశాఖకో బయలుదేరతారు. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, సున్నుండలతో పాటు ఒకటి రెండు సిప్రోఫ్లాక్సాసిన్ స్ట్రిప్పులు కూడా ఉంటాయి. "కడుపు పాడైతే పనికొస్తాయి" అని అమ్మో, అత్తగారో పెట్టిస్తారు. వీటితో పాటు ఏ స్కానరుకీ దొరకని సరుకు ఒకటి మన పేగుల్లో దిగుమతి అవుతుంది. అదే యాంటీబయాటిక్‌లకి లొంగని బాక్టీరియా.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. ఇ.కోలై అనే బాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉంటుంది, మామూలుగా ఏ హానీ చెయ్యదు. వాటిలో కొన్ని రకాలు ఇ.ఎస్.బి.ఎల్. అనే ఎంజైముల్ని తయారు చేస్తాయి. ఈ ఎంజైములు పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందుల అణువుని విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తాయి.

ఈ విద్య బాక్టీరియాకి ఎలా వస్తుంది? మన భాషలో చెప్పాలంటే, బాక్టీరియా క్రోమోజోము ఆపరేటింగ్ సిస్టమ్ అనుకుంటే, ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయం ఒక ప్లగిన్ లాంటిది. పక్కనున్న బాక్టీరియాకి, అది వేరే జాతిదైనా సరే, దీన్ని కాపీ చేసి ఇవ్వవచ్చు. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు రకాల మందులకి విరుగుడు ఉండటం మామూలే. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

నెదర్లాండ్స్ పరిశోధకులు 2012-13లో సుమారు 2,000 మంది ప్రయాణికుల్ని, వెళ్ళే ముందూ వచ్చాకా పరీక్షించారు. ముందు ఈ బాక్టీరియా లేనివాళ్ళలో 34 శాతం మంది దాన్ని మోసుకొచ్చారు. దక్షిణాసియాకి వెళ్ళినవాళ్ళలోనైతే 75 శాతం! సగం మందిలో అది నెల రోజుల్లోనే పోయింది, కానీ 11 శాతం మందిలో ఏడాది తరవాత కూడా ఉంది. ఇంట్లో మరొకరికి అంటుకునే అవకాశం 12 శాతమని లెక్కగట్టారు.

మన దగ్గరే ఎందుకింత ఎక్కువ? మురుగునీరు తాగునీటిలో కలవడం ఒక కారణం, చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు దొరకడం మరొకటి. కొన్నిటిని భారత ప్రభుత్వం 2014లో షెడ్యూల్ హెచ్1 కిందకి తెచ్చినా అలవాటు పూర్తిగా పోలేదు. హైదరాబాదు విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు! అలాంటి నీటిలో మందుకి తట్టుకోగలిగిన బాక్టీరియాయే మిగిలి, పెరుగుతుంది.

మన కడుపులో కూడా జరిగేది అదే. 2015లో అచ్చయిన ఫిన్లాండ్ అధ్యయనంలో, విరేచనాలు పట్టుకోని ప్రయాణికుల్లో 11 శాతం మందికి ఈ బాక్టీరియా అంటింది. విరేచనాలైనా యాంటీబయాటిక్ వాడనివాళ్ళలో అది 21 శాతం, వాడినవాళ్ళలో 37 శాతం. ఎందుకంటే మాత్ర మంచి బాక్టీరియాని చంపి చోటు ఖాళీ చేస్తుంది. సిప్రోని తట్టుకునే జన్యువు కూడా ఉన్న ఇ.ఎస్.బి.ఎల్. బాక్టీరియాకి ఆ చోటు దక్కుతుంది. ఒక మందు వేసుకుంటే ఇంకో మందుకి లొంగనిది పెరగడంలోని కిటుకు ఇదే.

కడుపులో ఊరికే ఉంటే నష్టమేమిటి? చాలామందికి ఏ నష్టమూ లేదు. కానీ అదే బాక్టీరియా మూత్రనాళంలోకో, ఆపరేషన్ తరవాత రక్తంలోకో చేరితే డాక్టరు మొదట ఇచ్చే మందు పనిచెయ్యదు. అది తెలిసేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. మధుమేహం ఉన్న పెద్దవాళ్ళకి ఆ రెండు రోజులే ప్రాణాల మీదకి రావచ్చు.

కాబట్టి చెయ్యవలసినవి ఇవి. పనులకి అడ్డురాని తేలికపాటి విరేచనాలకి ఓ.ఆర్.ఎస్., మజ్జిగ, విశ్రాంతి చాలు. 2017లో వచ్చిన ప్రయాణ వైద్య మార్గదర్శకాలు కూడా ఇలాంటప్పుడు యాంటీబయాటిక్ వద్దనే అన్నాయి. జ్వరం ఎక్కువగా ఉన్నా, రక్తం పడినా, పసిపిల్లలూ పెద్దవాళ్ళూ నీరసించినా సొంత వైద్యం మాని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తిరిగొచ్చాక కొన్ని నెలలపాటు, ముఖ్యంగా వంట చేసే ముందు, సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవద్దు. ఏడాదిలోపు మూత్రంలో మంట వచ్చినా, ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చినా, ఇండియా వెళ్ళొచ్చామని, అక్కడ ఫలానా మందు వాడామని, ఆస్పత్రిలో ఉంటే ఆ సంగతీ డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఆ ఒక్క మాటతో మొదటి రోజే సరైన మందు పడవచ్చు.