బెల్లపు డబ్బాయు, చీమల బారును

తొలకరి కురిసిన మరునాటి యుదయమున వంటింటి కిటికీ మూలనుండి బయలుదేరి, గోడవారగా దిగి, గట్టు నంచున సాగి, మూత బిగించిన బెల్లపు డబ్బాకు ప్రదక్షిణము చేసి మరలిపోవుచున్న యెఱ్ఱచీమల బారును చూచినప్పుడు గృహిణికి కోపము వచ్చుట సహజమే కాని, ఆ కోపములో చీపురు తిరుగవేసి నాలుగైదు వందల చీమలను నలిపినంత మాత్రమున పుట్టకు కలుగు నష్ట మత్యల్పము. బయట తిరుగునవి శ్రామికులలో కొన్ని మాత్రమే. రాణియు, పిల్లలును, వానిని సాకెడి దాదులును ఏ గోడబీటలోనో, గచ్చు క్రిందనో నిక్షేపముగా నుండును.

ఆ బారునకు అడ్డముగా ఒకసారి వ్రేలితో గట్టిగా తుడిచి చూడుడు. వచ్చుచున్న చీమ అచట ఠక్కున నిలిచి, మీసముల నటునిటు ఆడించి, వెనుదిరుగును, వెనుకనున్నవియు గుమిగూడును, కొంతసేపటికి ఏదో యొకటి సాహసించి దాటగా, బారు మరల కుదురుకొనును. ఆహారము దొరికిన చీమ పొట్టకొనను నేలకు తాకించుచు, వాసనగల రసమును సన్నని గీతగా విడుచుచు ఇల్లు చేరును. తక్కినవి ఆ గీతను పట్టుకొని వచ్చి, తామును దానిని దిద్దుచు పోవును. 1959లో ఎడ్వర్డ్ విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నిప్పుచీమ పొట్టలోని నలుసంత గ్రంథిని తీసి దాని రసముతో గీత గీయగా, తిండి యేమియు లేకున్నను చీమలు ఆ గీత వెంట బారులు తీరినవి. కనుక చీమలను చంపుటకంటె బాటను సబ్బునీళ్లతో కడుగుట మేలు. పసుపుగీత వాటిని చుట్టు త్రిప్పునేకాని ఆపజాలదు. గడప ముందు బియ్యపుపిండి ముగ్గుతో విందు చేసి, వంటింట పసుపుతో వలదనుట మన ఇండ్లలోని చమత్కారము!

పుట్టను నిర్మూలింపవలెనన్న చీమల పంక్తిభోజనమునే సాధనము చేసికొనవలెను. పెద్దచీమ గట్టి పదార్థమును మింగలేదు. త్రాగిన ద్రవమును పొట్టలోని వేఱొక సంచిలో దాచి, పుట్ట చేరి, నోటినుండి నోటికి పంచిపెట్టును. కావుననే తిన్నవెంటనే చంపెడి విషము నిరుపయోగము. మోసికొనిపోవువఱకైనను ఆ చీమ బ్రతికియుండవలెను గదా! గ్లాసెడు, అనగా 200 మిల్లీలీటర్ల నీటిలో 20 గ్రాముల పంచదారయు, 2 గ్రాముల బోరిక్ పొడియు (క్యారమ్ బల్లపై చల్లునదే) కరిగించి, దూదిని తడిపి, పసిపిల్లలకు అందని చోట బాట ప్రక్కన ఉంచవలెను. మొదటి దినమున చీమలు రెట్టింపగును. అప్పుడు కంగారుపడి మందు కొట్టరాదు. పని పూర్తియగుటకు వారములు పట్టవచ్చును. పసుపువన్నె గల రెండు మిల్లీమీటర్ల ఫారోచీమల విషయమున ఈ నిగ్రహము మఱింత అవసరము. పలువురు రాణులుగల ఆ పుట్టపై మందు చల్లినచో అది చీలి, ఒకటి నాలుగై, నాలుగు గదులలో కాపురము పెట్టును. పూర్వము గడపల పొడవున చల్లిన గమాక్సిన్ పొడిని మన దేశమున 1997లో నిషేధించిరి, దానికై వెదకనక్కఱలేదు.

ఈలోగా బెల్లపు డబ్బాను నీళ్లపళ్లెములో నిలుపు పాత పద్ధతియే చాలును. అయితే నీటిపై దుమ్ము తెట్టు కట్టకుండ దినదినము మార్చవలెను. డబ్బామీద మఱచిన గరిటె కాడ గోడకు తగిలినచో, తెల్లవాఱుసరికి దానిమీదుగానే బారు సాగును.