కరెంట్ బిల్లు ఎక్కువ కట్టించుకుంటే వడ్డీ కూడా అడగొచ్చా?

ఇవాళ ఒక్కటే ప్రశ్న. కరెంట్ బిల్లులో ఎక్కువ డబ్బులు వసూలు చేశారని తేలింది, వెనక్కిస్తామన్నారు. మరి ఇన్నాళ్లూ మన డబ్బు వాళ్ల దగ్గరే ఉంది కదా, దానికి వడ్డీ సంగతేంటి?

వడ్డీ ఎంత దూరం వెళ్తుందో ముందు ఒక పెద్ద కేసులో చూద్దాం. 2014 జూన్ 2 నుంచి 2017 జూన్ 10 వరకు తెలంగాణకి ఆంధ్రప్రదేశ్ కరెంట్ ఇచ్చింది. ఆ బకాయి కట్టమని 2022 ఆగస్టు 29న కేంద్ర విద్యుత్ శాఖ ఆర్డర్ వేసింది. అసలు 3,441.78 కోట్లు. లేటుగా కట్టినందుకు సర్‌ఛార్జి 3,315.14 కోట్లు. దాదాపు అసలంత! తెలంగాణ కోర్టుకెళ్లింది, 2023 అక్టోబరులో అక్కడి హైకోర్టు ఆ ఆర్డర్ కొట్టేసింది. అంటే కాగితం మీద వడ్డీ ఎంత పెరిగినా, కోర్టులో నిలబడే ఆర్డర్ లేకపోతే చేతికి రాదు.

ఇప్పుడు మన ఇంటి బిల్లుకొద్దాం. నరసరావుపేటలో మనకి బిల్లు ఇచ్చేది ఏపీసీపీడీసీఎల్. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 62(6) ఉంది. కమిషన్ ఖరారు చేసిన టారిఫ్ కన్నా ఎక్కువ వసూలు చేస్తే, ఆ ఎక్కువ మొత్తాన్ని బ్యాంక్ రేటు వడ్డీతో కలిపి కట్టినవాళ్లు రాబట్టుకోవచ్చు. బ్యాంక్ రేటు అంటే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించేది.

ఉదాహరణకి, ఇంటి మీటర్‌ని పొరపాటున కమర్షియల్ కేటగిరీలో వేసి మీ దగ్గర 40,000 ఎక్కువ తీసుకున్నారు. రేటు 6.75 శాతం అనుకుంటే ఏడాదికి 2,700. మూడేళ్లకి 8,100. వదిలేసే డబ్బు కాదు కదా!

ఒక తేడా గమనించండి. కమిషన్ ఒప్పుకున్న ట్రూ-అప్ ఛార్జీలు మనకి భారమే అయినా, ఈ సెక్షన్ కిందకి రావు. అవి కూడా ఆమోదం ఉన్న ఛార్జీలే.

రివర్స్‌లో చూస్తే? అనధికారంగా కరెంట్ వాడారని సెక్షన్ 126 కింద అసెస్‌మెంట్ వేస్తే, ఆర్డర్ వచ్చిన 30 రోజుల్లో కట్టకపోతే ఏడాదికి 16 శాతం వడ్డీ. అది కూడా ఆరు నెలలకోసారి చక్రవడ్డీ! అసలు కన్నా వడ్డీ ముద్దు అనే మాట వాళ్లకే బాగా కలిసొస్తుంది. అందుకే ఆ నోటీసు వస్తే పక్కన పడేయొద్దు.

మరి మన వడ్డీ ఎలా అడగాలి? బిల్లులు, రసీదులు తీసి, ఏ నెల ఎంత ఎక్కువ కట్టారో ఒక పట్టిక వేయండి. అర్జీలో “సెక్షన్ 62(6) ప్రకారం, కట్టిన తేదీ నుంచి వడ్డీతో సహా” అని స్పష్టంగా రాయండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. డిస్కంలో పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్.

ఈలోగా ఫ్యూజు పీకేస్తారేమో అని భయమా? సెక్షన్ 56లో దారి ఉంది. వాళ్లు అడిగిన మొత్తం, లేదా గత ఆరు నెలల సగటు లెక్కన వచ్చేది, ఏది తక్కువైతే అది “అభ్యంతరంతో కడుతున్నాను” అని రాసి కట్టండి. గొడవ తేలేదాకా ఆ బాకీ పేరుతో సప్లై ఆపకూడదు.

అసలు ఒక్కటే అడిగితే అసలుతోనే సరిపెట్టే అవకాశం ఎక్కువ. వడ్డీ మాట మొదటి అర్జీలోనే ఉండాలి.